హీరోకి నాలుగో స్థానం

హారీ పోటర్ నవలల్ని ప్రచురించిన బ్లూమ్స్‌బరీ సంస్థ 2011లో పాఠకులకి ఓ ఓటింగ్ పెట్టింది. ఏడు పుస్తకాల్లోనూ మీకు అందరికంటే నచ్చిన పాత్ర ఏది అన్నది ప్రశ్న. 70 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. పుస్తకాల అట్టల మీద ఎవరి పేరైతే ఉందో ఆ హారీకి నాలుగో స్థానం దక్కింది. మూడోది సిరియస్ బ్లాక్‌ది, రెండోది హెర్మయనీది. దాదాపు ఐదో వంతు ఓట్లతో మొదట నిలిచింది సెవెరస్ స్నేప్. కథ పొడుగునా హారీని కంట్లో నలుసులా చూసిన మాస్టారు ఆయన.

ఫాంటసీ పాఠకుల్ని మీ అభిమాన పాత్ర ఎవరని అడిగితే తడుముకోకుండా పేరు చెబుతారు. ఎందుకని అడిగితే మాత్రం కాసేపట్లోనే కథ పక్కకెళ్లి సొంత సంగతులు మొదలవుతాయి. బళ్లో ఎవరూ మాట్లాడని రోజులు, చెయ్యని తప్పుకి పడ్డ మాటలు, ఆస్పత్రిలో అమ్మ మంచం పక్కన కూర్చుని చదివిన అధ్యాయాలు. ఎవరికి వాళ్లు తమకి కావలసిన తోడుని వెతుక్కుంటారు కాబట్టి ఓట్లలోనూ ఉత్తరాల్లోనూ అసలు హీరో వెనకబడిపోతుంటాడు. అలాంటి కొన్ని రికార్డులివి.

ఎక్కువ వాదించుకున్న పాత్ర

ఈ కిరీటం కూడా స్నేప్‌దే. 2007 జులై 21న ఏడో పుస్తకం వచ్చింది. అమెరికాలో ఒక్క రోజులో 83 లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. అది రావడానికి ముందు నెలల్లో బోర్డర్స్ అనే పుస్తకాల దుకాణాల సంస్థ స్నేప్ మంచివాడా, చెడ్డవాడా అని ఓ చర్చ నడిపింది. రెండు వర్గాలకీ వేర్వేరు స్టిక్కర్లు పంచింది. జనం వాటిని చొక్కాలకి అంటించుకుని తిరిగారు.

పుస్తకం వచ్చాక జవాబు దొరికింది కానీ వాదన ఆగలేదు. స్నేప్ జ్ఞాపకాలన్నీ హారీ కళ్ల ముందు తెరుచుకునే అధ్యాయం చదివినవాళ్లు రెండుగా చీలిపోయారు. తనని ప్రేమించని మనిషి కోసం జీవితమంతా గూఢచారిగా బతికి, చెడ్డపేరు మోసి, ఆ సంగతి లోకానికి చెప్పుకోకుండా చచ్చిపోయాడు, అంతకంటే గొప్ప పాత్ర ఉందా అని కొందరు. మరి హారీ తోటి విద్యార్థి నెవిల్ సంగతేమిటని ఇంకొందరు. మూడో పుస్తకంలో ఓ తరగతి గది ఉంది. ఎవరికి ఏదంటే ఎక్కువ భయమో ఆ రూపం ధరించే జీవిని అక్కడ వేరే మాస్టారు బీరువాలోంచి వదులుతాడు. నెవిల్ తల్లిదండ్రుల్ని దుర్మార్గులు మతి చలించేదాకా హింసించారు. అలాంటి పిల్లాడి ముందు బీరువాలోంచి బయటికొచ్చింది ఆ దుర్మార్గులెవరూ కాదు, స్నేప్ మాస్టారు. నాకు రెండో వర్గం మాటే బలంగా తోస్తుంది. పెద్దయ్యాక ఎంత త్యాగం చేసినా, పదమూడేళ్ల పిల్లాడికి పీడకలగా మారిన మాస్టారి లెక్క సరిపోదు. కానీ స్నేప్‌కి ఓటేసినవాళ్లలో చాలామంది ఆ గది సంగతి మరిచిపోయి వేసినవాళ్లు కారు. తెలిసే వేశారు. రచయిత్రి రౌలింగ్ నెగ్గింది అక్కడ.

సినిమాల్లో స్నేప్‌గా నటించిన అలెన్ రిక్‌మన్‌కి ఈ రహస్యంలో కొంత రౌలింగ్ ముందే చెప్పింది. చివరి పుస్తకం వచ్చేదాకా ఆయన ఎక్కడా బయటపెట్టలేదు. 2016 జనవరిలో ఆయన పోయినప్పుడు అభిమానులు లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్లో తొమ్మిదీ ముప్పాతిక ప్లాట్‌ఫారం బోర్డు దగ్గర పూలు పెట్టారు.

కల్పిత పాత్రకి కట్టిన సమాధి

వేల్స్‌లోని పెంబ్రోక్‌షైర్ తీరంలో ఫ్రెష్‌వాటర్ వెస్ట్ అనే బీచ్ ఉంది. ఇళ్లల్లో వెట్టిచాకిరీ చేసే డాబీ అనే చిన్న జీవి హారీని కాపాడి చనిపోయే దృశ్యం తీసింది అక్కడే. సినిమా 2010లో వచ్చింది. ఆ తర్వాత చూడ్డానికి వచ్చినవాళ్లు ఇసుక దిబ్బల దగ్గర గులకరాళ్లు పేర్చడం మొదలుపెట్టారు. రాళ్ల మీద డాబీకి రెండేసి ముక్కల వీడ్కోలు రాశారు. వాటితోపాటు సాక్సులూ వదిలారు. రెండో పుస్తకంలో యజమాని చేతి నుంచి ఒక సాక్సు అందుకోవడంతోనే డాబీకి విముక్తి వస్తుంది, అందుకని.

ఆ తీరాన్ని చూసుకునే నేషనల్ ట్రస్ట్ ఈ సమాధిని ఉంచాలా తీసెయ్యాలా అని జనాన్ని అడిగింది. 5 వేలమందికి పైగా అభిప్రాయం చెప్పారు. ప్రస్తుతానికి ఉండనిస్తాం అని 2022లో ట్రస్ట్ ప్రకటించింది. సాక్సులు, బొమ్మలు, రాళ్ల మీద రంగు సముద్రంలోకి చేరి జలచరాలకి హాని చేస్తాయి కాబట్టి అవి మాత్రం వదలొద్దని కోరింది. సమాధి దగ్గరికి వచ్చి ఫొటో దిగి వెళ్లమంది. బానిసత్వం వదిలించుకున్న ఒక పాత్ర కోసం ఎక్కడెక్కడి జనమో అంత దూరం వెళ్లి రాయి పెట్టి వస్తున్నారంటే, రచయితకి అంతకన్నా పెద్ద బహుమానం ఏముంటుంది!

41 నవలల్లో 39

టెర్రీ ప్రాచెట్ రాసిన డిస్క్‌వరల్డ్ వరసలో 41 నవలలున్నాయి. మొదటిది 1983లో, చివరిది 2015లో వచ్చాయి. రెండు తప్ప అన్నింట్లోనూ కనిపించే పాత్ర ఒకటే, మృత్యువు. చేతిలో కొడవలి, ఒళ్లంతా ఎముకలు, నల్ల ముసుగు. అయినా క్రూరుడు కాడు. పిల్లులంటే ప్రాణం. తెల్ల గుర్రానికి బింకీ అని పేరు పెట్టుకున్నాడు. మనుషులు ఇలా ఎందుకు ఉంటారో అర్థం చేసుకోవాలని తపన. ఆయన మాటలన్నీ పెద్దక్షరాల్లో, కొటేషన్లు లేకుండా అచ్చవుతాయి.

‘రీపర్ మ్యాన్’ నవలలో ఆయన ఉద్యోగం పోతుంది. ఓ ముసలామె పొలంలో కూలికి చేరతాడు. పంట కోస్తాడు, ఊళ్లోవాళ్లతో కలవాలని నానా అవస్థా పడతాడు, మంటల్లో చిక్కుకున్న పిల్లని తన పాత ఉద్యోగ ధర్మానికి విరుద్ధంగా బయటికి తెస్తాడు. చివరికి ఆ ముసలామె గడియలు దగ్గరపడినప్పుడు ఆమెని ఊరి సంబరానికి తీసుకెళ్లి నాట్యం చేస్తాడు. ఇది చదివినవాళ్లకి ఆయన మీద భయం మిగలదు.

మరణశయ్య మీదున్న పాఠకులు ప్రాచెట్‌కి ఉత్తరాలు రాసేవారు. మృత్యువు మీరు రాసినట్టే ఉంటే బావుణ్ణు అని. అలాంటివి అందిన రోజున గోడకేసి చూస్తూ కూర్చుండిపోతానని ఆయన ఓ చోట చెప్పుకున్నాడు. అల్జీమర్స్‌లో ఒక అరుదైన రకం తనకి వచ్చిందని 2007 డిసెంబరులో ఆయనే ప్రకటించాడు. ఆపైన కూడా నవలలు ఆపలేదు, చేతులు సహకరించకపోతే చెప్పి రాయించాడు. 2015 మార్చి 12న ఆయన పోయిన కబురు ట్విట్టర్లో ఆ మృత్యువు గొంతుతోనే, పెద్దక్షరాల్లోనే వచ్చింది. ప్రాచెట్‌ని తిరిగి ఇచ్చెయ్యమని మృత్యువు పేర వేలాదిమంది ఆన్‌లైన్‌లో అర్జీ మీద సంతకాలు చేశారు. ఒక పాత్రకి పాఠకులు ఇలా దరఖాస్తు పెట్టుకోవడం ఇంకెక్కడా వినలేదు.

ధరల సూచీకెక్కిన పోలీసు

అదే వరసలో సామ్ వైమ్స్ అనే పోలీసు అధికారి ఉన్నాడు. తాగుబోతు కెప్టెన్‌గా మొదలై, నిలబడి, ఎదిగిన మనిషి. పేదింట్లో పుట్టిన పాఠకులకి ఈయన సొంత మనిషి. 1993 నాటి ‘మెన్ ఎట్ ఆర్మ్స్’లో బూట్ల గురించి ఆలోచిస్తాడు. ఆయన జీతం నెలకి 38 డాలర్లు. మంచి తోలు బూట్లు 50 డాలర్లు, ఏళ్ల తరబడి మన్నుతాయి. ఆయన కొనగలిగినవి 10 డాలర్ల అట్టముక్క బూట్లు, ఒకటి రెండు సీజన్లకే నీళ్లు కారతాయి. పదేళ్లయ్యేసరికి పేదవాడు 100 డాలర్లు పోసి ఉంటాడు, కాళ్లు మాత్రం ఇంకా తడుస్తూనే ఉంటాయి.

బ్రిటన్‌లో 2022 జనవరిలో జాక్ మన్రో అనే రచయిత్రి, అధికారిక ధరల సూచీలో పేదల బుట్టలోని చవక సరుకుల పెరుగుదల కనిపించడం లేదని గొడవపెట్టింది. తనే ఒక సూచీ తయారుచేస్తానని దానికి వైమ్స్ బూట్ల పేరు పెట్టింది. ప్రాచెట్ కుటుంబం అనుమతి ఇచ్చింది. నవలలో పాత్ర పేరు కిరాణా ధరల మీద జరిగే చర్చలోకి ఎక్కడం అరుదైన గౌరవమే.

పదిహేడేళ్ల హత్య కేసు

పాత్రల సంఖ్యలో రాబర్ట్ జోర్డాన్ రాసిన ‘ద వీల్ ఆఫ్ టైమ్’ని మించినవి తక్కువ. 14 సంపుటాలు, 40 లక్షలు దాటిన మాటలు, పేరున్న పాత్రలే 2,700 పైచిలుకు. ఇంతమందిలో పాఠకుల్ని ఏళ్ల తరబడి పట్టుకున్నది ఆస్మోడియన్ అనే చిన్న ప్రతినాయకుడు. 1993లో వచ్చిన ఐదో సంపుటం చివర్లో ఒక తలుపు తెరుస్తాడు, ఎదురుగా ఉన్నది ఎవరో గుర్తుపడతాడు, చచ్చిపోతాడు. చంపిందెవరో రచయిత రాయలేదు. ఆధారాలు పుస్తకంలోనే ఉన్నాయి చూసుకోండి అంటూ వచ్చాడు. ఎవరెప్పుడు ఎక్కడున్నారో పట్టికలు వేసి పాఠకులు వాదించుకున్నారు. 2007లో జోర్డాన్ కన్నుమూశాడు. ఆయన నోట్సు ఆధారంగా వరసని పూర్తిచేసిన బ్రాండన్ శాండర్సన్ 2010లో పదమూడో సంపుటం తెచ్చినప్పుడు జవాబు బయటపడింది. కథలో కాదు, వెనక పేజీల్లో ఉండే పదకోశంలో, గ్రేండల్ అనే పేరు కింద ఒక్క ముక్కలో! అభిమానులు ముందు అక్కడికే తిప్పి చదివారంటే నమ్మవచ్చు.

శాండర్సన్‌కి ఇంకో పరీక్ష మ్యాట్ పాత్ర. జూదగాడు, వాగుడుకాయ, తను వీరుడినని ఒప్పుకోని వీరుడు. మొదటి ప్రయత్నంలో మ్యాట్ సరిగ్గా కుదరలేదని పాఠకులు ఊరుకోలేదు. వాళ్లు అన్నది నిజమేనని శాండర్సన్ ఒప్పుకుని తర్వాతి పుస్తకాల్లో దిద్దుకున్నాడు.

జనన ధ్రువపత్రాల్లో

జార్జ్ మార్టిన్ నవలల మీద వచ్చిన ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ నడుస్తున్న రోజుల్లో, 2018లో అమెరికాలో 560 మంది ఆడపిల్లలకి ఖలీసీ అని పేరు పెట్టారు. అది రాణి డెనెరిస్‌కి కథలో ఉన్న బిరుదు. మరుసటి ఏడాది చివరి సీజన్లో ఆ రాణి నగరాన్నే తగలబెట్టింది. అదే కథలోని ఆర్యా పేరుకి ఇంకా గిరాకీ. అదే ఏడాది 2,500 మందికి పైగా ఆడపిల్లలకి పెట్టారు. మనకి మగపిల్లాడి పేరుగా అలవాటైనది కాస్తా అక్కడ కత్తి పట్టిన చిన్నపిల్ల పేరైంది. మార్టిన్‌కి స్వయంగా ఇష్టమైనది టిరియన్ అనే పాత్ర. ఆయన భార్యకి మాత్రం ఆర్యా అంటేనే ఇష్టం.

రచయితకి ఉత్తరం రాసిన పాత్ర

‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’లో ఉంగరం మోసేది ఫ్రోడో. ఫ్రోడోని మోసేది తోటమాలి సామ్ గాంజీ. ఎందరో పాఠకులకి అసలు వీరుడు సామ్. టోల్కీన్ కూడా ఓ ఉత్తరంలో సామ్‌నే ముఖ్య వీరుడన్నాడు. 1914 యుద్ధంలో తను చూసిన మామూలు సిపాయిలు, అధికారుల సేవకులు, తనకంటే ఎంతో గొప్పవాళ్లని ఆయనకి తోచింది. వాళ్ల ఛాయే సామ్.

1956 మార్చిలో టోల్కీన్‌కి లండన్ నుంచి ఓ ఉత్తరం వచ్చింది. కింద సంతకం సామ్ గాంజీ. ఆ పేరు నిజంగానే ఉన్న మనిషి, రేడియోలో కథ వస్తోందని విని, తన పేరు ఎలా వచ్చిందని అడిగాడు. టోల్కీన్ సంతోషంగా జవాబు రాసి, మూడు సంపుటాలూ సంతకం చేసి పంపాడు.

ఆయన మిత్రుడు సి. ఎస్. లూయిస్‌కి వచ్చిన ఉత్తరం మరోరకం. 1955లో ఒక అమెరికన్ తల్లి రాసింది. తొమ్మిదేళ్ల కొడుకు నార్నియా కథల్లోని సింహం అస్లాన్‌ని ఏసుక్రీస్తు కంటే ఎక్కువ ప్రేమిస్తున్నానేమో అని కుమిలిపోతున్నాడట. పది రోజుల్లో జవాబు వచ్చింది. అస్లాన్ చేసిన పనులకీ అన్న మాటలకీ మురిసిపోతున్నాడంటే నిజానికి ఏసునే ప్రేమిస్తున్నట్టని లూయిస్ ధైర్యం చెప్పాడు. పసివాడి బెంగని అంత పెద్దమనిషి అంత శ్రద్ధగా తీసుకోవడం నాకు ఆ కథలకన్నా ఎక్కువ నచ్చింది.

పాత్రలు తెలుసు, రచయిత తెలియడు

మన దగ్గర ఈ ముచ్చట పిల్లల పత్రిక చందమామది. శంకర్ గీసిన బొమ్మలో భుజాన శవంతో, చేతిలో కత్తితో నడిచే విక్రముణ్ణి చూసినవాళ్లలో చాలామందికి ఇష్టుడు రాజు కాదు, ప్రశ్నలడిగే బేతాళుడు. మూలంలో ఉన్నవి పాతిక కథలే అయినా చందమామ కొత్త కథలు అల్లుకుంటూ దశాబ్దాలు నడిపింది.

సీరియళ్ల సంగతి ఇంకా ఆశ్చర్యం. 1954లో ‘తోకచుక్క’తో మొదలై ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’ మీదుగా డెబ్బైల చివరి ‘భల్లూక మాంత్రికుడు’ దాకా, ఎక్కువగా చిత్రా బొమ్మలతో వచ్చిన వాటిని పిల్లలు నెలనెలా ఎదురుచూసి చదివారు. ఇప్పటికీ కూర్చోబెడితే ఉగ్రాక్షుడు గొప్పా, సిద్ధసాధకుడు గొప్పా అని గంటసేపు మాట్లాడగలరు. రాజకుమారుల కంటే రాక్షసుడూ సాధకుడే ముందు గుర్తొస్తారు. ఉగ్రాక్షుడు రాక్షసుడై ఉండీ ఆ కథలోని చిత్రసేనుడికి ఆసరాగా నిలబడ్డాడనే వాడంటే ఇష్టం.

ఇవన్నీ రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. అర్ధ శతాబ్దం పైగా చందమామ కార్యాలయంలో పనిచేసిన ఉద్యోగి. సీరియళ్ల మీద ఆయన పేరు వేసేవారు కాదు. 2010 జనవరిలో ఆయన పోయారు. పాత సంచికలు పోగుచేసి, విడి భాగాల్ని వరసగా పేర్చుకున్న అభిమానుల పుణ్యమా అని ఆ పేరు నలుగురికీ చేరింది. అప్పటికే ఆ కథలు చదివి పెరిగిన పిల్లలకి పిల్లలు పుట్టి, వాళ్లూ చదువుకుంటున్నారు.