తప్పెవరిదో తేల్చని పరిష్కారం

టీకా సమాజమంతటినీ కాపాడుతుంది. కాని లక్షలమందిలో ఏ ఒక్క బిడ్డకో దానివల్ల హాని కలిగితే, ఆ నష్టభారాన్ని మోయవలసినది ఎవరు? కన్నవారా, కంపెనీయా, ప్రభుత్వమా? ఈ చిక్కుముడిని విప్పడానికి అమెరికాకు మూడు దశాబ్దాలు పట్టింది.

1955 ఏప్రిల్‌లో పోలియో టీకా వచ్చిందని ఆ దేశం సంబరపడుతున్నది. అంతలోనే విషాదం! కాలిఫోర్నియాలోని కట్టర్ లేబరేటరీస్ తయారుచేసిన మందులో కొంత భాగంలో వైరస్ చావకుండా మిగిలిపోయింది. సుమారు 200 మందికి పక్షవాతం వచ్చింది, పదిమంది మరణించారు. 1958లో జ్యూరీ అపూర్వమైన నిర్ణయం ప్రకటించింది: కంపెనీ నిర్లక్ష్యం చూపలేదు, అయినా పరిహారం చెల్లించవలసినదే.

1980 తరువాత కోరింతదగ్గు టీకాపై వ్యాజ్యాలు వెల్లువెత్తాయి. ఆ ఆరోపణలలో పెక్కింటిని అనంతర పరిశోధనలు బలపరచలేదు. కాని అప్పటికే కొన్ని కంపెనీలు తయారీ మానుకున్నాయి, ధరలు పెరిగాయి, మందుకే కొరత ఏర్పడే ప్రమాదం వచ్చింది.

అందుకే 1986లో కొత్త చట్టం చేశారు. 1988 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన ఈ పద్ధతిలో బాధితుడు మొదట కంపెనీపై కాక, ప్రభుత్వ ఆరోగ్యశాఖపై ప్రత్యేక న్యాయస్థానంలో అర్జీ పెట్టుకోవాలి. లక్షణాలు కనిపించిన మూడేళ్లలోగా పెట్టాలి. జ్యూరీ ఉండదు, స్పెషల్ మాస్టర్లనే న్యాయాధికారులు విచారిస్తారు. పరిహారనిధికి డబ్బు టీకాలపై విధించిన పన్ను నుంచే వస్తుంది. ఒక్కొక్క వ్యాధికి 75 సెంట్లు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా మూడింటినీ నివారించే టీకాపై 2 డాలర్ల 25 సెంట్లు.

చట్టం ఒక పట్టికను కూడా ఏర్పరచింది. అందులో చెప్పిన హాని, చెప్పిన గడువులో కలిగితే టీకాయే కారణమని భావిస్తారు. ఉదాహరణకు, ధనుర్వాతం టీకా వేసిన నాలుగు గంటలలోపు తీవ్రమైన అలర్జీ వికటించడం. పట్టికలో లేని హాని అయితే రుజువు చేసే భారం అర్జీదారునిదే. బాధకు, మరణానికి ఇచ్చే సొమ్ము 2,50,000 డాలర్లు మించదు. భవిష్యత్తు వైద్యఖర్చులకు అటువంటి పరిమితి లేదు. సదుద్దేశంతో, తగిన ఆధారంతో వేసిన అర్జీ ఓడిపోయినా న్యాయవాది ఫీజు నిధి నుంచే చెల్లించవచ్చు.

పరిహారం పొందినవాటిలో సుమారు 60 శాతం రాజీ ద్వారా ముగిసినవే. ఓటమి భయం ఇరుపక్షాలకూ ఉంటుంది. విచారణ సాగినకొద్దీ కాలమూ ధనమూ ఖర్చవుతాయి. అందువల్ల నడిమి మొత్తానికి ఒప్పుకుంటారు, న్యాయస్థానం ఆమోదిస్తుంది. అయితే రాజీ కుదిరినంత మాత్రాన టీకాయే హాని చేసిందని నిర్ణయమైనట్లు కాదు.

మంచం పట్టిన బిడ్డకు మందులు, నర్సు, చక్రాల కుర్చీ సమకూరుతాయి. టీకాల సరఫరా ఆగదు. ఇది చిన్న మేలు కాదు. కాని "మా బిడ్డకు ఇలా ఎందుకయింది?" అన్న తల్లిదండ్రుల ప్రశ్నకు ఆ ఒప్పందపత్రంలో జవాబు ఉండదు. సొమ్ము తీసుకుని సంతకం చేసేవారు వదులుకునేది దానినే.