రేణిగుంట నుండి శంషాబాదునకు: గంట ప్రయాణపు లెక్క

రేణిగుంటలో విమానమెక్కినచో గంటలో హైదరాబాదు చేరవచ్చునని మన గ్రామములలో చెప్పుకొందురు. వైద్యమునకు పోవువారును, గల్ఫు దేశములకు పోవు విమానము నందుకొనవలసినవారును ఈ మాటనే నమ్మి బయలుదేరుదురు. వారు ముందుగా సలహా యడుగునది పంచాయతీ సభ్యులనే గనుక ఈ గంట లెక్కను కొంత వివరింతుము.

బంతిపై రెండు చుక్కల నడుమ దారము బిగించి పట్టినట్లు కొలిచినచో రేణిగుంట, శంషాబాదు విమానాశ్రయముల మధ్య దూరము సుమారు 417 కిలోమీటర్లు. వైమానికులు దీనినే 225 నాటికల్ మైళ్లందురు. రోడ్డు మార్గము 550 కిలోమీటర్లకు పైబడును. 2023 ఏప్రిల్ 8న ప్రారంభమైన వందే భారత్ రైలు నెల్లూరు, గుంటూరుల మీదుగా పోవుటచే సుమారు 660 కిలోమీటర్లు నడచును.

జెట్ విమానము గంటకు 800 కిలోమీటర్లకు మించి పోగలదు. ఆ లెక్కన అరగంట చాలవలెను గదా! కాని టిక్కెట్టుపై గంటయో, గంటంబావో కనిపించును. టిక్కెట్టులోని కాలము గాలిలో నున్నంతసేపు మాత్రమే కాదు. విమానము నిలిచిన తావు విడిచినది మొదలు అవతల నిలుచువరకు గల కాలము. రన్‌వే వరకు మెల్లగా పోవలెను, ఎత్తునకు ఎక్కవలెను, దిగుటకు వరుసలో వేచియుండవలెను. ఇంత చిన్న దూరములో ఎక్కుట, దిగుటలతోనే చాలభాగము గడచిపోవును. పూర్తి వేగముతో పోవునది కొలది నిమిషములే. కనుకనే గంటకు 500 కిలోమీటర్లు పోవు చిన్న విమానమునకును, జెట్టుకును నడుమ తేడా ఇరువది నిమిషములకు మించదు.

ఇక చిత్తూరు నుండి బయలుదేరు మనిషి లెక్క చూతము. రేణిగుంట చేరుటకు రెండు గంటలు. విమాన వేళకు రెండు గంటలు ముందుగా నుండుట మేలు. సామాను తీసుకొను కౌంటరు సాధారణముగా గంట ముందే మూసివేయుదురు. ఆకాశయానము గంటంబావు. సామాను చేతికి వచ్చుటకు అరగంట. 2008 మార్చి వరకు విమానములు నగరములోని బేగంపేటలోనే దిగెడివి. ఇప్పుడు శంషాబాదు నుండి నగరమునకు మరియొక గంట. అన్నియు కలిసి ఏడు గంటలకు కొంచెము తక్కువ. సాయంత్రము చిత్తూరులో వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కినవారు నిద్రించుచునే మరునాటి ఉదయము కాచిగూడ చేరుదురు. పగలు మిగుల్చుకొనదలచిన వారికి మా దృష్టిలో రైలే మేలు. నడుము నొప్పితోనో, శస్త్రచికిత్స పిమ్మటనో పోవు రోగికి మాత్రము విమానము నిజముగా సాయపడును.

గల్ఫు ప్రయాణికుల విషయములో మరింత జాగ్రత్త వలయును. రేణిగుంట విమానమునకును, విదేశ విమానమునకును వేర్వేరు టిక్కెట్లు కొన్నచో, మొదటిది ఆలస్యమై రెండవది తప్పినను రెండవ సంస్థకు సాధారణముగా బాధ్యత యుండదు. ఆ సొమ్ము పోయినట్లే. రెండును ఒకే బుకింగులో నున్నచో తరువాతి విమానములో చోటు చూపుట సంస్థ పని. టిక్కెట్టు కొనకమునుపే ఏజెంటును ఈ సంగతి అడిగించవలెను. వేర్వేరుగా కొనక తప్పదన్నచో ముందునాడే హైదరాబాదు చేరి, రాత్రి అచ్చట బస చేయుట మంచిది.