నాట్యపు చాప, ఇతర ఆటపరికరములు – ఆరోగ్యము

వీడియో ఆట లాడువారి చూపు తెరమీదనే యుండును. కాని ఆ ఆటవలన శరీరమునకు మేలు కలుగునా, కీడు కలుగునా యనునది చాలవరకు ఆడు పరికరమును బట్టి యుండును. ఆ పరికరము ఏ యవయవమును కోరునో అదియే పనిచేయును. తక్కినవి కదలక యుండును.

ఎక్కువ వాడుకలో నున్నది రెండు చేతులతో పట్టుకొను కంట్రోలరు. దాని మీటలను నొక్కుటకు ముఖ్యముగా వ్రేళ్ళే చాలును. గంటలకొలది అట్లే కూర్చుండి ఆడినచో బొటనవ్రేలి మొదటను, మణికట్టునందును నొప్పి పుట్టవచ్చును. మెడ పట్టివేయుట, కన్నులు పొడిబారుట కూడ కలదు.

డాన్స్ మ్యాట్ అనబడు నాట్యపు చాప ఇందుకు భిన్నమైనది. 1986లో జపానునందు బందాయ్ సంస్థ ‘ఫ్యామిలీ ట్రైనర్’ అను కాలిచాపను వెలువరించెను. 1998లో కొనామీ సంస్థ ‘డాన్స్ డాన్స్ రెవల్యూషన్’ అను ఆటను ప్రవేశపెట్టిన తరువాత ఈ విధానము అనేక దేశములకు వ్యాపించెను. ఈ ఆటచాపపై ముందు, వెనుక, కుడి, ఎడమ దిక్కులను చూపు నాలుగు బాణపు గుర్తు లుండును. పాటకు తగినట్లు తెరపై బాణములు పైకి సాగి, అచట నిలిచియున్న గుర్తులను చేరిన క్షణముననే ఆ దిక్కున అడుగు వేయవలెను.

ఇండ్లలో వాడు మెత్తని చాపలలో సాధారణముగా విద్యుత్తు ప్రవహించు రెండు పొరలును, వాని నడుమ రంధ్రములు గల స్పాంజి పొరయు నుండును. పాదము మోపగానే పైపొర రంధ్రముగుండ క్రిందిపొరను తాకి, విద్యుత్ వలయము పూర్తియై యంత్రమునకు సంకేత మందును. కాలు తీసినంతనే పొరలు విడిపోవును.

ఈ యాటలో కాళ్ళతోపాటు గుండెకును, ఊపిరితిత్తులకును పని కలుగును. 2006లో అమెరికాయందలి వెస్ట్ వర్జీనియా రాష్ట్రము తన ప్రభుత్వ పాఠశాలలలో దీనిని ప్రవేశపెట్టుటకు పూనుకొనెను. 5 మొదలు 17 ఏండ్లలోపు పిల్లలకు దినమునకు సగటున 60 నిమిషముల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. ఊపిరి వేగమగునట్లు ఆడిన కాలమును ఇందులో లెక్కింపవచ్చును; మెల్లని పాటకు అప్పుడప్పుడు కాలు కదపుట దానికి సాటిరాదు.

అంగవైకల్యము గలవారికి కూడ పరికరములు కలవు. 2018లో మైక్రోసాఫ్ట్ సంస్థ పెద్ద మీటలతో వెలువరించిన ‘ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలరు’నకు వారివారి శక్తికి తగిన మీటలను విడిగా తగిలించుకొనవచ్చును.

చాపపై ఆడువారు ఈ జాగ్రత్తలను పాటింపవలెను:

1. నున్నని గచ్చుపై చాప జారకుండ చూచుకొనవలెను. మేజోళ్ళతో ఆడరాదు.

2. చుట్టును బల్లలు, తీగలు, పసిపిల్లలు లేకుండ చోటు విడువవలెను.

3. మొదట మెల్లని పాటతో ఆరంభించి, క్రమముగా వేగము పెంచవలెను. నడుమ విశ్రమించి నీరు త్రాగవలెను.

4. గుండెజబ్బు, మోకాళ్ళ నొప్పి, మూర్ఛవ్యాధి గలవారును, గర్భిణీ స్త్రీలును ముందుగా వైద్యుని సలహా పొందవలెను.

5. ఛాతిలో నొప్పిగాని, తలతిరుగుటగాని కలిగిన వెంటనే ఆట నిలిపి వైద్యుని సహాయము పొందవలెను.

నాట్యపు చాప ఔషధము కాదు. ఆరుబయలు ఆటలకు బదులును కాదు. కాని వాన కురిసి వాకిలి దాటలేని దినమున, కూర్చుండిపోవు పిల్లలను లేపి నిలబెట్టుటకు అది చక్కని సాధనము.