తరిమెన ఇరుసుకు క్రొత్త బేరింగులు

మారేడుమిల్లి మొదలుకొని ఉత్తరముగ సాగు తూర్పు కనుమల ఆకురాల్చు అడవులలో అంకుడు అను చిన్న చెట్టు కలదు. గిల్లిన పాలు కారును. దాని కర్ర తెల్లనిది, మెత్తనిది, నునుపైన పోగు గలది. వరాహనది యొడ్డునగల ఏటికొప్పాక గ్రామములో ఈ కర్రతోనే లక్కబొమ్మలు చేయుదురు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. బొమ్మకు రూపమిచ్చునది ఉలి యని మనమందుము. కాని ఉలికంటె ముందు ఇరుసు కలదు. కర్రను త్రిప్పు ఇరుసు నిలకడగా తిరుగనిచో ఎంతటి నేర్పరి చేతిలోని ఉలియైనను గుండ్రని వస్తువును చేయజాలదు.

పూర్వము తరిమెన ఇరుసుకు త్రాడు చుట్టి ఒకరు అటునిటు లాగుచుండగా, వేరొకరు ఉలి పట్టెడివారు. నేడు విద్యుత్తుతో నడచు చిన్న తరిమెనలు వచ్చినవి. లేతు మిషను అని వాడుకలో పిలుచు ఈ యంత్రము బడిలోని పనిగది బల్లపై సయితము ఇముడును. ఇందలి ఇరుసును రెండు బేరింగులు మోయును. బేరింగు అనగా రెండు ఉక్కు కడియములు, వాని నడుమ దొర్లు ఉక్కు గుండ్లు. లోపలి కడియము ఇరుసును పట్టుకొనును. వెలుపలి కడియము యంత్రపు గూటిలో కదలక కూర్చుండును. గుండ్లు దొర్లు దారి నునుపుగ నున్నంతకాలము ఇరుసు తన స్థానము తప్పదు.

ఆ దారి అరిగిన పిమ్మట యంత్రము మూలుగును, ఉలి అదరును, చెక్కిన కర్రపై అలలవంటి గీతలు పడును. లక్క పూయునపుడు ఈ దోషము మరింత స్పష్టమగును. తిరుగుచున్న కర్రకు లక్క కడ్డీని ఒత్తగా రాపిడి వేడికి లక్క కరగి అంటుకొనును. ఇరుసు ఊగుచున్నచో కడ్డీ ఒక ప్రక్కను గట్టిగను, మరొక ప్రక్కను వదులుగను తాకును. రంగు ఒకచోట చిక్కన, మరొకచోట పలుచన యగును. తుదకు మొగలిరేకుతో ఎంత మెరుగు పెట్టినను ఆ లోపము మాయదు.

అయితే ప్రతి అదురునకు బేరింగే కారణమని తలపరాదు. మొదట విద్యుత్తు తీగను గోడనుండి ఊడదీయవలయును. బెల్టు తప్పించి, ఇరుసును చేతితో మెల్లగా త్రిప్పి చూడవలయును. ఇసుక నలిగినట్లు గరగర తోచినచో గుండ్ల దారి చెడినదని యర్థము. పిదప కర్రను పట్టు చక్కును తీసివేసి, ఇరుసు మూతిపై డయల్ గేజిని ఆనించి త్రిప్పవలయును. ఇరుసు నిలకడగా నుండి చక్కు మాత్రమే ఊగుచున్నచో తప్పు చక్కునది. ఇరుసును పైకెత్తి చూడగా గేజి ముల్లు కదలినచో, వెనుకనున్న బిగింపు నట్టు వదులైనదేమో ముందు చూడవలయును. నట్టు బిగించినను ఆ కదలిక పోనిచో బేరింగులు మార్చవలసినదే.

క్రొత్తవానిని కొనుటకు కొలబద్ద అక్కరలేదు. పాతదాని యంచుపై చెక్కిన సంఖ్య చాలును. ఉదాహరణకు 6206 అని యున్నదనుకొందము. చివరి రెండంకెలను 5చే హెచ్చించిన 30 వచ్చును. లోపలి రంధ్రపు వ్యాసము 30 మిల్లీమీటర్లని యర్థము. దాని వెలుపలి వ్యాసము 62, వెడల్పు 16 మిల్లీమీటర్లు. చివర 04 మొదలు పై సంఖ్యలకు ఈ లెక్క సరిపోవును. 00, 01, 02, 03 అని యున్నచో రంధ్రములు వరుసగా 10, 12, 15, 17 మిల్లీమీటర్లు.

విప్పునపుడు తొందర తగదు. నట్టు, పళ్లచక్రము, బెల్టుచక్రము, ఉంగరము ఏ వరుసను వచ్చినవో ఆ వరుసను గుడ్డపై పరచి కాగితముపై బొమ్మ గీసికొనవలయును. ఇరుసును సుత్తితో బాదక, పొడవైన మరబోల్టుతోను పైపు ముక్కతోను కొద్దికొద్దిగా లాగుట మేలు.

బిగించుటలో ఒక్క సూత్రము సర్వప్రధానము. బలము గుండ్లమీదుగా ప్రసరింపరాదు. ఇరుసుపైకి ఎక్కించునపుడు లోపలి కడియమునే నొక్కవలయును. గూటిలోనికి దింపునపుడు వెలుపలి కడియమునే నొక్కవలయును. కారణము సులభము. గుండు కడియమును తాకు తావు చుక్క వంటిది. పెద్ద బలమంతయు ఆ చుక్కపై పడినచో ఉక్కులోనైనను గుంట పడును. క్రొత్త బేరింగు తిరుగక మునుపే పాడగును.

భౌతికశాస్త్ర విద్యార్థికి ఇచ్చట ఒక ఉపాయము కలదు. బేరింగును సుమారు 80 మొదలు 100 డిగ్రీల సెంటిగ్రేడు వరకు నిదానముగ వేడి చేసిన ఉక్కు వ్యాకోచించును. 30 మిల్లీమీటర్ల రంధ్రము 70 డిగ్రీల పెరుగుదలకు ఇంచుమించు 0.025 మిల్లీమీటరు పెద్దదగును. తల వెంట్రుకకంటె సన్నని ఆ యెడమే సుత్తి అవసరమును తప్పించును. మంటపై మాత్రము నేరుగా పెట్టరాదు; ఉక్కు గట్టిదనము చెడును.

మూతలేని బేరింగైనచో ఖాళీలో మూడవవంతు గ్రీజు చాలును. అధికమైన అదియే వేడికి హేతువగును. తరువాత నట్టును కొంచెము కొంచెముగ బిగింపవలయును. వదులైన ఇరుసు ఊగును, అతిగా బిగిసిన ఇరుసు కాలును. తక్కువ వేగమున అరగంట నడిపి, యంత్రమును ఆపి, బేరింగు గూటిపై చేయి వేసి చూడవలయును. గోరువెచ్చదనము దోషము కాదు; చేయి నిలువనిచో బిగువు తగ్గింపవలయును.

ఇంతటితో పని ముగిసినదా? లేదు. పాతది ఏల చెడినదో తెలిసికొననిచో క్రొత్తదియు ఆ దారినే పోవును. స్వీడను దేశమున గోథెన్‌బర్గు నగరములోని ఒక బట్టల మిల్లులో స్వెన్ వింగ్‌క్విస్టు అను ఇంజనీరు పనిచేయుచుండెను. అచ్చటి బంకనేల కుంగుటచే పొడవైన ఇరుసులు వంకరతిరిగి బేరింగులు తరచు చెడిపోయెడివి. ఆయన వానిని మార్చుటతో తృప్తిపడక, కారణమును వెదకెను. ఇరుసు కొంచెము వాలినను తానును వాలి సరిపెట్టుకొను బేరింగును 1907లో కనిపెట్టెను. ఆ యేడే ఎస్‌.కె.ఎఫ్‌. సంస్థ పుట్టినది. మన తరిమెనకు శత్రువు నేల కాదు, కర్రపొట్టు. కావున ఇరువైపుల రబ్బరు మూత గల బేరింగును వేయుటయు, ప్రతిదినము పొట్టు తుడుచుటయు మంచిది.

ఊడదీసిన పాత బేరింగును ఉపాధ్యాయులు పారవేయక తరగతిలో చూపవలయును. గుండ్ల దారిపైనున్న గుంటలను భూతద్దముతో చూచిన బాలుడు రాపిడి, వ్యాకోచము, పీడనము అను పాఠములను మరువడు. ఏటికొప్పాక పనివారిని అంకుడు కర్ర కొరత కొంతకాలముగ బాధించుచున్నది. కొండపై ఏండ్లతరబడి పెరిగిన కొమ్మ, ఊగు ఇరుసుపై ఒక్క గడియలో పొట్టయి పోవుట తగునా? అరిగిన బేరింగును వేళకు మార్చిన వాడు యంత్రముతోపాటు ఆ చెట్టును గూడ కాపాడినవాడగును.