కళాశాల ప్రవేశమునకు పునాది ఉన్నత పాఠశాలలోనే

కళాశాలలో ప్రవేశము దరఖాస్తు నింపిన దినమున నిర్ణయమగునది కాదు. ఆరవ తరగతి నుండి విద్యార్థి భద్రపరచుకొనిన పత్రములు, చదివిన భాష, ఎన్నుకొనిన గ్రూపు దానిని ముందుగానే నిర్ణయించుచున్నవి. ఈ సంగతి తెలియక, మంచి మార్కులు వచ్చియు సీటు పోగొట్టుకొనువారు మన గుంటూరు, ప్రకాశం ప్రాంతములలో నేటికిని కలరు. ఇంటిలో మొదటి తరము చదువరులకు ఈ విషయములు చెప్పు పెద్దలుండరు. అందుచేత ముఖ్యమైన నియమములను, వాని కారణములను ఇచట వివరింపదలచితిమి.

మొదటిది స్థానికత. ఆరవ తరగతి నుండి ఇంటర్మీడియట్ వరకు ఏడు సంవత్సరముల స్టడీ సర్టిఫికెట్లు ఎందుకడుగుదురని పలువురు విసుగుకొందురు. దీనికి మూలము 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. 371-డి అధికరణము ననుసరించి వెలువడిన ఆ ఉత్తర్వు రాష్ట్రమును విశ్వవిద్యాలయ ప్రాంతములుగా విభజించి, ఆయా ప్రాంతముల కళాశాలలలో నూటికి 85 స్థానములు స్థానికులకు కేటాయించినది. గుంటూరు, ప్రకాశం జిల్లాలు ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతములోనివి. పొరుగుననున్న నెల్లూరు, కర్నూలు జిల్లాలు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతములోనివి. అర్హత పరీక్షకు మొదటిసారి కూర్చున్న సంవత్సరముతో ముగియునట్లు వరుసగా నాలుగేండ్లు ఒకే ప్రాంతమున చదివినవారు అచటి స్థానికులు. అట్లు కానిచో, ఏడేండ్లలో ఎచట ఎక్కువ కాలము చదివిరో చూతురు. ఉన్నత పాఠశాలలో ఐదు, ఇంటర్మీడియట్‌లో రెండు - ఏడు సర్టిఫికెట్ల లెక్క ఇదియే.

ప్రత్తి తీతలకు, మిరప కోతలకు తల్లిదండ్రుల వెంట పోయి బడి మారిన పిల్లలు, ఖురాన్ కంఠస్థము చేయుటకై దూరపు మదర్సాకు వెళ్లి తిరిగి వచ్చిన పిల్లలు ఇచట చిక్కుపడుచున్నారు. ఆ నాలుగేండ్లలో కొంతకాలము ఏ పాఠశాలలోను చదువనివారికి నివాసమే ప్రమాణమగును. దానికి తహశీల్దారు ధ్రువపత్రము కావలెను. కనుక బడి మారిన ప్రతిసారియు టి.సి.తో పాటు స్టడీ సర్టిఫికెట్టును నాడే తీసికొనవలెను. మూతపడిన పాఠశాల నుండి కాగితము రాబట్టుట సులభము కాదు.

రెండవది పేరు, పుట్టిన తేదీ. మనలో ఒకచోట షేక్ అని పూర్తిగాను, మరొకచోట ఎస్.కె. అని పొట్టిగాను వ్రాయించుట వాడుక. ఆధార్ కార్డులో ఒక తీరు, బడి రిజిస్టరులో మరొక తీరు ఉన్నచో తనిఖీలో చిక్కు తప్పదు. బడిలో వేయునాడు తోచిన తేదీ చెప్పుటయు ప్రమాదమే. వైద్యవిద్యకు నీట్ వ్రాయువారికి ప్రవేశ సంవత్సరము డిసెంబరు 31 నాటికి 17 ఏండ్లు నిండవలెను. పదవ తరగతి పరీక్షకు పేర్లు పంపుటకు పూర్వమే ఇవి సరిచేసికొనవలెను. తరువాత అది చాల శ్రమతో కూడిన పని.

మూడవది రిజర్వేషను. 2007 చట్టము షేక్ మొదలగు 14 ముస్లిం వర్గములను బి.సి.-ఇ కింద చేర్చి నూటికి 4 స్థానములు కేటాయించినది. 2010లో హైకోర్టు దానిని కొట్టివేయగా, అదే సంవత్సరము సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుపై అది అమలగుచున్నది. దూది ఏకు వృత్తి నుండి పేరు పొందిన దూదేకుల, నూర్‌బాషా సోదరులు బి.సి.-బి లోనివారు. సయ్యద్, పఠాన్, మొగల్ కుటుంబములు బి.సి.-ఇ లో లేవు. అయినను కుటుంబ ఆదాయము ఏడాదికి 8 లక్షల లోపున్నచో, ఇతర షరతులకు లోబడి, 2019 రాజ్యాంగ సవరణ కల్పించిన ఆర్థిక బలహీన వర్గముల కోటాకు దరఖాస్తు చేయవచ్చును. తాము ఏ వర్గమువారో తెలియక అందరును ఒకే పత్రమునకు పరుగెత్తుట కాలహరణము.

ఇక గ్రూపు, భాషల సంగతి. పదవ తరగతి తరువాత బై.పి.సి. వదలినచో వైద్యవిద్యకు, ఎం.పి.సి. వదలినచో ఇంజనీరింగుకు దారి సాధారణముగా మూసుకొనును. స్నేహితుని చూచి గ్రూపు తీసికొనుట తగదు. ఇంటర్మీడియట్ ఒక్కటే మార్గమనియు అనుకొనరాదు. పాలిసెట్ వ్రాసి డిప్లొమాలో చేరవచ్చును. 2008లో ఏర్పడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము పదవ తరగతి మార్కులను బట్టియే ఆరేండ్ల చదువునకు ప్రవేశమిచ్చుచున్నది; ఒంగోలు పేరిటను దానికొక ప్రాంగణము కలదు. అట్టివారికి పదవ తరగతి పరీక్షయే ప్రవేశ పరీక్ష.

మార్కుల ఆశతో ఉర్దూను వదలువారు ఒక మాట ఆలోచింపవలెను. 1998లో హైదరాబాదున స్థాపితమైన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయమున చేరుటకు పదవ తరగతి గాని అంతకు పై తరగతి గాని ఉర్దూ మాధ్యమమున చదివియో, ఉర్దూను పాఠ్యాంశముగా చదివియో ఉండవలెను. నీట్ ప్రశ్నపత్రము తెలుగులో 2017 నుండి, ఉర్దూలో 2018 నుండి లభించుచున్నది. మాతృభాష చదువునకు అడ్డుగోడ కాదు.

మైనారిటీ కళాశాల మనది గనుక సిఫారసుతో సీటు వచ్చునని కొందరు తల్లిదండ్రుల నమ్మకము. రాజ్యాంగపు 30వ అధికరణము అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు స్థాపించి నడుపుకొను హక్కునిచ్చిన మాట నిజమే. కాని ప్రవేశములు పారదర్శకముగా, ప్రతిభను గమనించి జరుగవలెనని 2002లో టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసున సుప్రీంకోర్టు స్పష్టము చేసినది. అర్హత లేనివారికి ఈ హక్కు అర్హత కల్పింపదు.

మన ప్రాంతమునకు మరియొక ఇబ్బంది కలదు. మిరప కోతలు, కల్లములు జోరుగా సాగు రోజులలోనే పబ్లిక్ పరీక్షలు వచ్చును. చేతులు చాలక పిల్లలను, అందును ఆడపిల్లలను, చేనికి తీసికొని పోవుదురు. ఆ నెలలో కలిసివచ్చు కూలి కొద్దిపాటిది. పోయిన సంవత్సరము తిరిగి రాదు. పంట డబ్బు చేతికి వచ్చినపుడే జూన్ నెల ఫీజునకు కొంత తీసి యుంచుట వివేకము.

కళాశాల కమిటీవారికి మా మనవి ఒక్కటే. ప్రతి సంవత్సరము దసరా సెలవులకు పూర్వమే సమీప ఉన్నత పాఠశాలలకు ఇద్దరు అధ్యాపకులను పంపి, తొమ్మిది, పది తరగతుల పిల్లల పత్రములను ఒకసారి చూపించవలెను. లోపము అప్పుడే తెలిసినచో సరిచేయుటకు నెలల వ్యవధి యుండును. కౌన్సెలింగ్ నాడు తెలిసినచో గంటల వ్యవధియే యుండును. విద్యార్థులు కూడ తమ తమ్ములు, చెల్లెండ్ర పత్రములను ఈ వేసవిలోనే ఒక సంచిలో చేర్చి, ఏది లేదో చూచుకొందురు గాక.