చెరకు తోటలో కాపురం

అనకాపల్లి జిల్లా దేవరాపల్లి మండలంలో శారదా నది మీద రైవాడ జలాశయం ఉంది. దాని వెనక అనంతగిరి కొండలు, ముందు వరి మడులు, చెరకు తోటలు. చెరకు నేల మీద పది పన్నెండు నెలలు నిలుస్తుంది. రైతుకది చక్కెర ఫ్యాక్టరీకో అనకాపల్లి బెల్లం మార్కెట్టుకో వెళ్లే పంట. అడవి పందికి మాత్రం ఇల్లు. తినడానికి తీపి గడ, పొర్లడానికి తడి నేల, పగలంతా దాక్కోవడానికి మనిషి దూరలేని గుబురు. ఇన్ని వసతులు అడవిలో కూడా ఒక్కచోట దొరకవు.

అందుకే పందులు రోజూ కొండ దిగి వస్తాయని అనుకోవడం సగమే నిజం. వాటిలో కొన్ని తోటలోనే కాపురం పెడతాయి. చీకటి పడ్డాక పక్కనున్న వేరుశనగ, మొక్కజొన్న, దుంప చేలమీద పడతాయి. తిన్నదానికంటే తవ్వి, తొక్కి పాడుచేసేదే ఎక్కువ. ఆడపంది సుమారు నాలుగు నెలలు మోసి, ఒక్క ఈతకు నాలుగు నుంచి ఆరు పిల్లల్ని పెడుతుంది. తిండి బాగుంటే ఇంకా ఎక్కువే. చిరుత, రేచుకుక్క లాంటి వేటాడే జంతువులు తగ్గినచోట, పక్కనే తిండి పెరిగినచోట ఈ లెక్క ఎటు పోతుందో చెప్పక్కర్లేదు.

అమెరికాలోనూ పంది పెద్ద తలనొప్పే, కానీ అక్కడి కథ వేరు. 1539లో స్పెయిన్ దండయాత్రికుడు డి సోటో ఫ్లోరిడాకు పందుల్ని తోలుకెళ్లాడు. ఆస్ట్రేలియాకు అవి 1788లో తొలి వలస ఓడల్లో చేరాయి. రెండు చోట్లా అది పరాయి జంతువు, చంపితే అడిగేవాడు తక్కువ. టెక్సాస్‌లోనైతే హెలికాప్టర్ల నుంచి కాల్చడానికి 2011లో చట్టమే చేశారు. మన పంది మాత్రం ఈ గడ్డ మీద పుట్టిందే. పులికి, చిరుతకు ఆహారం, అడవి నేలను దున్నే నాగలి. దేవరాపల్లి వాళ్లు మొక్కే సింహాచలం అప్పన్న వరాహ నరసింహుడే కదా! దేవుడిగా మొక్కినా చేలోకి వస్తే రాయి విసరడం మానలేదు, అది వేరే సంగతి.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేనిదే అడవి పందిని వేటాడకూడదు. 2022 సవరణ తర్వాత, అంటే 2023 ఏప్రిల్ నుంచి, అది రెండో షెడ్యూల్లో ఉంది. నేరం రుజువైతే మూడేళ్ల దాకా జైలు గానీ, లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. అయితే అదే చట్టంలో రైతుకు ఒక తలుపు ఉంది. పదకొండో సెక్షన్ కింద, నిలిచి ఉన్న పంటకు ప్రమాదమని తేలితే, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి వేటకు అనుమతించవచ్చు. అలా కొట్టిన పంది ప్రభుత్వ ఆస్తి. కూర వండుకోవడానికి లేదు.

ఈ చివరి మాట మన్యం వాళ్లకు మింగుడుపడేది కాదు. విశాఖ ఏజెన్సీలో చైత్రమాసపు ఇటుకల పండగంటే మగవాళ్లంతా వేటకు వెళ్లడమే. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లేవారు!

అనుమతి కాగితం కంటే పంది వేగం ఎక్కువ కావడంతో కొందరు కరెంటు తీగ లాగుతారు. పంది సమస్యలో అన్నిటికన్నా భయపెట్టేది ఇదే. సోలార్ కంచె క్షణంలో వందో వంతు కూడా లేని దెబ్బ కొట్టి వదిలేస్తుంది. స్తంభం నుంచి నేరుగా లాగిన 230 వోల్టుల తీగ వదలదు. రాత్రి నీరు కట్టడానికి వచ్చిన మనిషో, మేతకు తిరిగే గేదో, అదేదీ చూడదు. నాటు బాంబూ అంతే. 2020 మే నెలలో కేరళలో నోరు పేలి, నదిలో నిలబడే ప్రాణం విడిచిన కడుపుతో ఉన్న ఏనుగు కథ అందరికీ గుర్తుండే ఉంటుంది. అక్కడ తిండిలో మందుగుండు పెట్టింది అడవి పందుల కోసమని దర్యాప్తులో తేలింది.

మరి వేట సంగతి? 2015 డిసెంబరులో బిహార్‌లోని కొన్ని జిల్లాల్లో, 2016 ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్‌లో అడవి పందిని కేంద్రం ఏడాదిపాటు ‘వర్మిన్’గా ప్రకటించింది. అంటే ఆ గడువులో, ఆ ప్రాంతంలో చంపితే నేరం కాదు. కేరళ అడిగితే ఒప్పుకోలేదు. దాంతో ఆ రాష్ట్రం 2022లో అనుమతిచ్చే అధికారాన్ని పంచాయతీ అధ్యక్షుల చేతికిచ్చింది. విషం, పేలుడు పదార్థం, కరెంటు వాడకూడదని షరతు పెట్టింది. రెండిట్లో ఈ పద్ధతే మేలు. చేను చూసినవాడే నిర్ణయం తీసుకుంటాడు, తుపాకీ పేల్చేది లైసెన్సున్నవాడే.

తుపాకీతోనే పని తీరుతుందనుకుంటే అమెరికాలోని కాన్సాస్ అనుభవం చూడాలి. అక్కడ 2006లో అడవి పందుల సరదా వేటను నిషేధించారు. ఎందుకంటే వేట సరదా అయిందంటే, ఆ సరదా కోసమే పందుల్ని కొత్త చోట్లకు తెచ్చి వదిలేవాళ్లు తయారవుతారు. పైగా గుంపులో ఒకటి రెండు కూలితే మిగతావి చెదిరి పక్క ఊళ్లు పట్టుకుంటాయి. అందుకే మిస్సోరీ రాష్ట్రంలో పెద్ద బోనులో గుంపు మొత్తం చేరేదాకా మేత వేస్తూ ఆగి, అప్పుడు తలుపు మూస్తారు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు చంపకుండా ఆపే దారులు వెతికారు. మొక్కజొన్న చుట్టూ దట్టంగా ఆముదం, వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ వేస్తే పంది లోపలికి రావడానికి జంకుతుంది. మంగలి షాపులో ఊడ్చిన జుట్టు గట్ల మీద చల్లితే, వాసన చూస్తూ నడిచే పంది ముక్కులోకి వెంట్రుకలు దూరి చికాకు పెడతాయి. పాత చీరల కంచె కూడా కొన్నాళ్లు పనిచేస్తుంది. కొన్నాళ్లే, ఎందుకంటే పంది తెలివైనది, హాని లేదని తెలిస్తే అలవాటు పడుతుంది. అందుకే ఒక్క ఉపాయాన్నే నమ్ముకోకుండా మారుస్తుండాలి.

చెరకుకు మాత్రం ఇవేవీ పూర్తిగా సరిపోవు. కాపురం ఉన్నది కంచె లోపలే కదా. నరుకుడు మొదలయ్యాక, చివరి వరుసలు మిగిలే వేళకు పందులు ఒక్కసారిగా బయటపడి, ఇంకా కత్తి పడని పక్క తోటలోకి పరుగెడతాయి.