చేపల పుండ్ల వ్యాధి

చేపల పుండ్ల వ్యాధి ప్రధానంగా మంచినీటి చేపలకు సోకే ఒక అంటువ్యాధి. శాస్త్రజ్ఞులు దీనిని ఎపిజూటిక్ అల్సరేటివ్ సిండ్రోమ్ అని, క్లుప్తంగా ఇ.యు.ఎస్. అని వ్యవహరిస్తారు. అఫనోమైసిస్ ఇన్వడాన్స్ అనే నీటిబూజు దీనికి మూలకారణం.

చరిత్ర

ఈ వ్యాధిని మొదట 1971లో జపానులో, పెంపకములోని ఆయు చేపలలో గుర్తించారు. 1988లో ఇది భారతదేశపు ఈశాన్య రాష్ట్రాలలో ప్రవేశించి, తరువాత పలు రాష్ట్రాలకు వ్యాపించింది. పుండ్లను చూసి ప్రజలు చేపలు కొనుటకు భయపడినందున మత్స్యకారుల జీవనోపాధి దెబ్బతిన్నది. అయితే ఈ బూజు మనుషులకు సోకదు.

లక్షణాలు

బూజు బీజాలు నీటిలో ఈదుతూ వచ్చి చేప చర్మముపై గల గాయాల ద్వారా కండరాలలోనికి చొచ్చుకొనిపోతాయి. మొదట ఎర్రని మచ్చలు ఏర్పడి, క్రమంగా లోతైన పుండ్లుగా మారుతాయి. భారీ వర్షాల తరువాత, నీరు చల్లబడిన కాలములో వ్యాధి అధికం. కొరమీను, ఎర్రమోసు సులభంగా దీని బారిన పడతాయి. బంగారుతీగ, తిలాపియా చేపలకు నిరోధకశక్తి ఎక్కువ.

చికిత్సకు గల పరిమితులు

జబ్బుపడిన చేప మేత తినదు కనుక మేతలో కలిపిన మందు దానికి అందదు. యాంటీబయాటిక్ మందులు పుండులో చేరిన బాక్టీరియాపై పనిచేయవచ్చును గాని బూజును చంపలేవు. భువనేశ్వర్ సమీపములోని కేంద్రీయ మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ సిఫాక్స్ అనే మందును రూపొందించింది. అయినప్పటికీ నివారణయే ఉత్తమ మార్గము.

నివారణ

* పంట ముగిసిన పిదప చెరువును ఎండగట్టి, మట్టి పరీక్ష ననుసరించి సున్నము చల్లాలి. చేపలున్న చెరువులో ఘాటైన పొడిసున్నము వాడరాదు. నీటి క్షారత్వము హఠాత్తుగా పెరిగితే అమ్మోనియా విషప్రభావము హెచ్చుతుంది.
* పిల్లలను నమ్మకమైన చోట కొని, కొంతకాలము వేరుగా ఉంచి పరిశీలించిన పిదపనే వదలాలి.
* నీరు వచ్చే తూముకు జాలీ కట్టి, బయటి చేపలు చొరబడకుండా చూడాలి.
* చేపలను కిక్కిరిసి పెంచరాదు. వల లాగునపుడు గాయపరచరాదు.
* ఒక చెరువులో వాడిన వలను కడిగి, ఎండలో ఆరబెట్టిన తరువాతనే మరొక చెరువులో దించాలి.
* చచ్చిన చేపలను చెరువుకు దూరముగా గోతిలో సున్నము వేసి పూడ్చాలి.

కొల్లేరు పరిసరాలలో వలె చెరువులు ఒకదాని ప్రక్కన ఒకటి ఉన్నచోట, ఒక చెరువు నుండి కాలువలోనికి వదలిన నీరు మరొక చెరువుకు చేరవచ్చును. కావున వ్యాధి సోకిన చెరువు నీటిని బయటకు వదలకుండా, వెంటనే ఇరుగుపొరుగు రైతులకును మత్స్యశాఖ అధికారులకును తెలియజేయాలి.